కిటికీ కడిగిన పాపానికి

ఆ బుధవారం పొద్దున ఎర్మా స్టౌఫర్ పెట్టుకున్న పని ఒక్కటే. తన డోనట్ల కొట్టు ముందు కిటికీ అద్దం కడగాలి. పెన్సిల్వేనియా కొండల మధ్య బెల్లర్స్ మిల్ లాంటి చిన్న ఊళ్ళో, ఒక ఆడమనిషి తన కొట్టు అద్దం తను కడుక్కుంటే అది ఎవరికీ పట్టే సంగతి కాదని మీరనుకుంటారు. పాపం, ఎర్మా కూడా అలాగే అనుకుంది.

బాణలిలో కాగే నూనె ఆవిరి ఏళ్ళ తరబడి లోపలి వైపు పట్టేసి, ఆ అద్దం అద్దమన్న సంగతే మరిచిపోయింది. బయట మంచు పడుతోందో ఎండ కాస్తోందో తలుపు తీస్తే తప్ప తెలిసేది కాదు. ఇన్నేళ్ళూ లేని శుభ్రత ఎర్మాకి ఇప్పుడెందుకు పట్టుకుందంటే, దానికొక కారణం ఉంది. ఆ కారణం పేరు వెండెల్ కీఫర్.

వెండెల్ రోడ్డుకి అవతల, సరిగ్గా ఎదురుగా సెలూన్ నడుపుతాడు. భార్య పోయి చాలా కాలమైంది. ఎర్మా భర్త క్లైడ్‌తో కలిసి ఏటా జింకల వేటకి వెళ్ళేవాడు. క్లైడ్ పోయాక కూడా రోజూ పొద్దున్నే వచ్చి, కౌంటరు చివరి స్టూలు మీద కూర్చుని, ఒక డోనట్టూ రెండు కప్పుల కాఫీ కానిచ్చి, వాతావరణాన్ని నాలుగు తిట్లు తిట్టి వెళతాడు. కిందటి వారం లేచి వెళుతూ, "అద్దం ఇలా జిడ్డోడుతుంటే నువ్వు కొట్టు తీశావో లేదో అవతల్నించి కనపడి చావదు ఎర్మా" అన్నాడు.

అరవై దాటిన ఎర్మా ఆ మాటని ఇంటికి పట్టుకెళ్ళి అటు తిప్పీ ఇటు తిప్పీ చూసుకుంది. ఈయనగారికి నేను కనపడాలని ఉందన్నమాట. సరే, కనపడదాం. అద్దం తళతళలాడేలా కడిగి, అతను చూసి మెచ్చుకోగానే, వచ్చే మంగళవారం ఫైర్ హాల్లో జరిగే విందుకీ డాన్సుకీ నాతో వస్తావా అని అడిగేయాలి. ఆ మంగళవారం ఆ ప్రాంతానికంతా పెద్ద పండగ. ఈస్టర్ ముందు ఉపవాసాలు మర్నాటి నుంచి మొదలవుతాయి కాబట్టి, ఆ రోజు ఇంట్లో ఉన్న కొవ్వంతా బాణలిలో పోసి డోనట్లు చేసుకు తినాలి. దాన్ని ఫాస్‌నాట్ మంగళవారం అంటారు. ఆ రోజు డోనట్టు తినని ఇంట్లో ఏడాది పొడుగునా కోళ్ళు గుడ్లు పెట్టవని నమ్మకం. కోళ్ళు లేనివాళ్ళు కూడా నమ్ముతారు.

ఎర్మా బకెట్టుతో, గీకుడు బ్లేడుతో కిటికీ దగ్గరికి వెళ్ళింది. అద్దం మీద జిడ్డుతో పాటు స్టిక్కర్లు కూడా ఉన్నాయి. ఫైర్ దళం వాళ్ళది, లయన్స్ క్లబ్బుది, హైస్కూలు ఫుట్‌బాల్ జట్టుది, మెథడిస్టు చర్చి విందుది. అన్నిటికన్నా పెద్దది తుపాకీదారుల సంఘానిది. రెక్కలు చాపిన గద్ద, దాని కాళ్ళలో తుపాకి, కింద "సంఘ సభ్యులకు కాఫీ ఉచితం" అన్న అక్షరాలు. క్లైడ్ బతికుండగా అంటించింది. ఆ సంఘానికి అధ్యక్షుడు మన వెండెలే. పాతవన్నీ గీకేసి, కొత్తవి అడిగి అంటించుకుంటే సరిపోతుందనుకుని ఎర్మా చేతికి దగ్గరగా ఉన్న గద్దతో మొదలుపెట్టింది. బ్లేడు చక్కగా పనిచేసింది. గద్ద తల లేచొచ్చింది. అంతలో వెనక బాణలిలోంచి మాడు వాసన రావడంతో, మొండెం అలా వదిలేసి లోపలికి పరిగెత్తింది.

ఇక్కడ దేశం సంగతి కాస్త చెప్పాలి. ఆ రోజుల్లో విమానాల వాళ్ళూ, కార్లు అద్దెకిచ్చేవాళ్ళూ, బీమా వాళ్ళూ, ఒకరి వెనక ఒకరు తుపాకీ సంఘాలతో తెగతెంపులు చేసుకుంటున్నారు. సభ్యులకిచ్చే తగ్గింపులు రద్దు చేస్తున్నారు. తెంచుకున్నవాళ్ళని ఒక వర్గం బహిష్కరిస్తోంది, తెంచుకోనివాళ్ళని ఇంకో వర్గం బహిష్కరిస్తోంది. టీవీ పెడితే ఇదే గోల. ఎర్మా టీవీలో వాతావరణం, వంటల పోటీలు తప్ప ఏమీ చూడదు. అందుకని తన కిటికీ దేశ రాజకీయాల్లోకి దిగిందని ఆవిడకి తెలియలేదు.

తెలియజేసే భారం డ్వైట్ ఓబర్ నెత్తికెత్తుకున్నాడు. డ్వైట్ ఆ సంఘానికి కార్యదర్శి. సంఘానికి వెండెల్ పెద్దరికం అయితే డ్వైట్ ఆవేశం. పికప్ ట్రక్కులో అటుగా పోతూ తల లేని గద్దని చూసి, సడన్ బ్రేకు వేసి, ఫోటో తీసి, "ఎర్మా కూడానా!" అని ఊరి ముచ్చట్ల పేజీలో పెట్టేశాడు.

ఎర్మా మాడిన డోనట్లు పారబోసి, చెయ్యి కడుక్కుని, మిగతా స్టిక్కర్లు తర్వాత చూద్దామని అద్దమంతా శుభ్రంగా తుడిచి, ఆ మొండేన్ని కూడా పూర్తిగా గీకేసి వెనక్కి తిరిగేసరికి, కౌంటరు దగ్గర పనిచేసే డార్లా ఫోన్లో మొహం పెట్టి నోరు తెరుచుకుని నిలబడి ఉంది.

"ఎర్మా, నువ్వు గద్ద తల కోసేశావంట."

"ఏ గద్ద?"

"కిటికీలో గద్ద! మూడు కౌంటీల వాళ్ళు తిట్టిపోస్తున్నారు. ఇదిగో, టెక్సాస్ నించి కూడా ఎవడో తిడుతున్నాడు."

"టెక్సాస్ వాడికి నా కొట్టుతో ఏం పని?"

"నీ డోనట్టు ఇక జన్మలో ముట్టనని ఒట్టేశాడు."

"ఎప్పుడు ముట్టాడు గనక?"

"ఆ సంగతి రాయలేదు" అంది డార్లా, మళ్ళీ ఫోను చూసి.

ఎర్మా నవ్వేసి ఊరుకుంది. కానీ వెండెల్ వచ్చే వేళ దాటింది. చివరి స్టూలు ఖాళీగా ఉంది. ఎర్మా కిటికీ దగ్గరికి వెళ్ళి చూసింది. అద్దం ఎంత బాగా కడిగిందంటే, వెండెల్ రాకపోవడం చాలా స్పష్టంగా కనిపించింది. సెలూన్లో డ్వైట్ చేతులు ఊపుతూ ఏదో చెబుతున్నాడు, వెండెల్ తల దించుకుని దువ్వెన తుడుస్తున్నాడు.

గురువారం తలుపు తీయగానే ట్రెక్స్లర్ టీచరు పూలగుత్తితో వచ్చారు. ఊళ్ళో సగం మంది మూడో తరగతి ఆవిడ దగ్గరే చదువుకున్నారు. ఇప్పటికీ ఆవిడ లోపలికొస్తే జనం బల్ల మీద నుంచి మోచేతులు తీసేస్తారు. రిటైరయ్యాక తుపాకుల మీద ఆంక్షలు కావాలని ఒక మహిళా సంఘం పెట్టి నడుపుతున్నారు. వెనకాల ఆ సంఘమంతా ఉంది.

"ఎర్మా, ఈ ఊళ్ళో ఇంత ధైర్యం ఎవరికైనా ఉంటుందని నేననుకోలేదు" అన్నారు టీచరు, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని.

"ధైర్యం కాదు టీచరుగారూ, జిడ్డు. అద్దానికి జిడ్డు పట్టిందని..."

"చూశారా ఆ వినయం!" అని టీచరు వెనక్కి తిరిగి అందరికీ చూపించారు. తర్వాత గొంతు తగ్గించారు. "తుపాకీతో ఎవడైనా బడిలోకి చొరబడితే బల్లల కింద చప్పుడు చేయకుండా ఎలా దాక్కోవాలో ఎనిమిదేళ్ళ పిల్లలకి నేర్పి నేర్పి రిటైరయ్యాను ఎర్మా. లెక్కలు నేర్పాల్సిన గంటలో అది నేర్పాను. నువ్వు చేసింది నీకు చిన్నదే అనిపించొచ్చు. నాకు కాదు."

ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ కళ్ళలోకి చూస్తూ మళ్ళీ జిడ్డు గురించి మాట్లాడడానికి ఎర్మాకి నోరు రాలేదు. ఊరుకుంది. ఊరుకోవడంతో ఒప్పుకున్నట్టే అయింది. టీచరు సంఘం వాళ్ళు ఉన్న డోనట్లన్నీ కొనేసి, పూలగుత్తిని కౌంటరు మీద ఎర్మా కుండీలో పెట్టి వెళ్ళారు.

రెండో వాయి దిగేసరికి డ్వైట్ నలుగురు మనుషులతో వచ్చాడు. ఎర్మా తిట్లకి సిద్ధపడింది. డ్వైట్ టోపీ తీసి, చాలా మర్యాదగా, "రెండు డజన్లు కట్టు" అన్నాడు.

"బహిష్కరించావన్నారే?"

"అందుకే కొంటున్నాం. వీటిని ట్రక్కు కింద తొక్కించి వీడియో పెడతాం."

"డబ్బిచ్చి కొనుక్కుని మరీ బహిష్కరిస్తున్నారా?"

"మరేం చెయ్యమంటావ్, దొంగిలించి తొక్కించమంటావా?" డ్వైట్ నొచ్చుకున్నాడు. "మేం చట్టాన్ని గౌరవించే మనుషులం ఎర్మా."

ట్రక్కు డోనట్ల మీదుగా వెళ్ళింది. తీరా చూస్తే ఫోన్లో వీడియో తీసేవాడు వేలు అడ్డం పెట్టాడు. మళ్ళీ రెండు డజన్లు కట్టించారు. ఈసారి ఎండ పడి సరిగ్గా రాలేదు. మూడోసారికి డోనట్లు వరస పెట్టే మనిషి బుగ్గ ఉబ్బి కనిపించింది, అడిగితే పంటి నొప్పన్నాడు. పంటి నొప్పి మూతికి చక్కెర పొడి ఉంది. మొత్తానికి ఆ రోజు ఎర్మా కొట్టు చరిత్రలో ఎన్నడూ జరగనంత బేరం జరిగింది. మెచ్చినవాళ్ళు తినడానికి కొన్నారు, మండిపడ్డవాళ్ళు తొక్కడానికి కొన్నారు. పిండి పిసికి పిసికి డార్లా రెండు భుజాలూ పట్టేశాయి. చివరి స్టూలు మాత్రం ఖాళీగానే ఉంది.

ఇక లాభం లేదని శుక్రవారం ఎర్మా ఏప్రను విప్పి, జుట్టు సర్దుకుని, రోడ్డు దాటి సెలూన్‌లోకి వెళ్ళింది. వెండెల్ ఎవరికో గడ్డం గీస్తున్నాడు. మొహం నిండా నురగ ఉన్నా ఆ కుర్చీలోది డ్వైటేనని ఎర్మాకి తెలిసిపోయింది.

"వెండెల్."

"ఎర్మా."

"అద్దం కడిగాను."

"చూశాను. బాగా కడిగావు."

ఎందుకు కడిగిందో చెప్పేస్తే అక్కడితో అంతా తేలిపోయేది. కానీ ఆ ముక్క డ్వైట్ ఓబర్ ముందు చెప్పడం కన్నా గొంతు కోసుకోవడం నయమనిపించింది ఆవిడకి. కత్తి కూడా దగ్గర్లోనే ఉంది. "కొత్త స్టిక్కరు ఒకటుంటే ఇవ్వు, అంటిస్తాను" అంది.

"మా గద్ద అడుక్కుతినే గద్ద కాదు" అంది నురగ.

"నువ్వు కదలకు, తెగుద్ది" అన్నాడు వెండెల్. సొరుగులోంచి కొత్త స్టిక్కరు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఇవ్వడంలో చెయ్యి అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువసేపే ఉంది. "కానీ ఎర్మా, సంఘం తీర్మానం చేసింది. ట్రక్కు కింద తొక్కించడానికి కొంటే తప్ప నీ కొట్లో కాలు పెట్టకూడదని. నాకిష్టమా కాదా అన్నది వేరు. నేను అధ్యక్షుణ్ణి, సంతకం పెట్టాను. రద్దయ్యేదాకా మాట తప్పలేను."

"మళ్ళీ మీటింగ్ ఎప్పుడు?"

"వచ్చే నెల."

డాన్సు మంగళవారం. ఎర్మా స్టిక్కరు పట్టుకుని బయటికొచ్చింది. రోడ్డు మధ్యలో ఆగి, ఛీ, పాడు సంసారం అనుకుంది. అయినా ఆశ చావక, గద్ద కనపడితే వీళ్ళ కోపం చల్లారి రేపే మీటింగ్ పెట్టుకుంటారేమోనని, వెళ్ళగానే దాన్ని కిటికీకి నిండుగా అంటించింది.

అరగంటలో ట్రెక్స్లర్ టీచరు వచ్చారు. గద్దని చూశారు, ఎర్మాని చూశారు. "నన్ను నిరాశపరిచావు ఎర్మా" అన్నారు. మూడో తరగతిలో ఆ మాట పడ్డవాళ్ళు ఇప్పటికీ మరిచిపోలేదు. కౌంటరు మీది పూలగుత్తిని కుండీలోంచి తీసుకుని, నీళ్ళు కారుతుండగా పట్టుకుని వెళ్ళిపోయారు. సాయంత్రానికి ఆవిడ సంఘం కూడా బహిష్కరణ ప్రకటించింది.

శనివారం ఎర్మా ఇంకో తెలివైన పని చేసింది. టీచరు సంఘం వాళ్ళ స్టిక్కరు కూడా తెప్పించింది. చిన్న పిల్ల అరచెయ్యి బొమ్మ. దాన్ని గద్ద పక్కనే, ఒకే ఎత్తులో, స్కేలు పెట్టి కొలిచి అంటించింది. ఇంకెవరికీ బాధ ఉండదని తృప్తిపడింది.

"మా గద్ద పక్కన ఆ చెయ్యా?" అని డ్వైట్ ఫోను.

"ఆ గద్ద గోళ్ళ పక్కన పిల్ల చెయ్యి పెట్టడానికి నీకు మనసెలా ఒప్పింది?" అని టీచరు ఫోను.

ఎర్మాకి తిక్క రేగింది. ఎప్పుడూ మాట తూలని మనిషి ఒక మాట తూలింది, డార్లా చెవులు మూసుకుంది. బ్లేడు తీసుకుని కిటికీ మీద పడింది. గద్దనీ గీకింది, చేతినీ గీకింది. ఆ ఊపులో ఫైర్ దళాన్నీ, లయన్స్ క్లబ్బునీ, ఫుట్‌బాల్ జట్టునీ, మెథడిస్టు చర్చి విందునీ కూడా గీకి పారేసింది. అద్దం మీద ఈగ వాలితే జారిపడేలా అయింది. "ఇప్పుడు ఎవడు ఏమంటాడో చూస్తాను" అంది రొప్పుతూ.

అందరూ అన్నారు. ఊరు తగలబడితే ఆర్పేవాళ్ళం, మమ్మల్ని గీకేస్తుందా అని ఫైర్ దళం బహిష్కరించింది. జట్టు కిందటి సీజనంతా ఓడిపోయిందనే కదా ఈ చిన్నచూపు అని ఫుట్‌బాల్ పిల్లల తండ్రులు బహిష్కరించారు. ఎర్మా లూథరన్ చర్చి మనిషి కాబట్టి ఇలాంటిది ఎప్పటికైనా చేస్తుందని తెలుసునన్నారు మెథడిస్టులు. లయన్స్ క్లబ్బుకి కారణం దొరకలేదు గానీ, అందరూ చేస్తున్నప్పుడు తాము చేయకపోతే బాగుండదని వాళ్ళూ బహిష్కరించారు. చీకటి పడేసరికి ఊళ్ళో బహిష్కరించని సంస్థ లేదు. ముందు తలుపు గంట ఇక మోగలేదు.

ఆదివారం కొట్టుకి సెలవు. మంగళవారం పండక్కి ఈసారి ఎవరొస్తారన్న దిగులుతోనే, అలవాటు కొద్దీ ఎర్మా వెళ్ళి, పండగ డోనట్లలోకని బంగాళదుంపలు ఉడకబెట్టి పిండిలో కలిపి, ఒక్కో వాయే వేయిస్తూ కూర్చుంది. చర్చిలు వదిలే వేళకి వెనక సందు తలుపు మీద ఎవరో మెల్లగా తట్టారు. తీస్తే మెథడిస్టు పాస్టరు భార్య. ఊపిరి బిగబట్టి, "ఒక డజను. నేను రాలేదు" అంది.

ఆవిడ వెళ్ళిన దారిలోనే ఫైర్ దళం పెద్ద వచ్చాడు. పొగ వాసన వచ్చిందేమో చూద్దామని వచ్చాట్ట. రెండు డజన్లు పట్టుకెళ్ళాడు. లయన్స్ క్లబ్బు అధ్యక్షుడు పెళ్ళాం శాలువా కప్పుకుని వచ్చాడు. మీసం దాచుకోవడం మరిచిపోయాడు. సోమవారం ఇంకా ఎక్కువైంది. పండగ ఆర్డర్లన్నీ వెనక తలుపు గుండానే వచ్చాయి. "ఇది మన మధ్యే ఉండాలి ఎర్మా" అని ప్రతి ఒక్కళ్ళూ ఒట్టు వేయించుకున్నారు.

ట్రెక్స్లర్ టీచరు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చారు. "నాకు కాదు. మా పిల్లికి."

"పిల్లి డోనట్లు తింటుందా టీచరుగారూ?"

"పళ్ళు లేవు. మెత్తగా ఉంటాయని."

డ్వైట్ సందు చివర ట్రక్కు ఆపి, గోడవార నక్కుతూ వచ్చాడు. "పరిస్థితిని గమనించడానికి వచ్చాను" అన్నాడు. మూడు డజన్ల పరిస్థితిని గమనించి వెళ్ళాడు.

రానివాడు ఒక్కడే, వెండెల్. ముందు తలుపుకీ రాలేదు, వెనక తలుపుకీ రాలేదు. తట్టిన ప్రతిసారీ ఎర్మా చెయ్యి తుడుచుకుని, జుట్టు సర్దుకుని తలుపు తీసింది. ప్రతిసారీ ఇంకెవరో ఉన్నారు. ఊరంతా కలిసి చేసిన ఇంత పెద్ద బహిష్కరణని నిజంగా పాటిస్తున్నది ఆ మనిషి ఒక్కడే. అదే ఆవిడకి కడుపుమంట, అదే ఆవిడకి గర్వం కూడా. రెండూ కలిసి పిండిని అవసరమైన దానికన్నా గట్టిగా పిసికేసింది.

"పెట్రోలు బంకులో చూశాను వెండెల్ని" అంది డార్లా, చెప్పాలా వద్దా అన్నట్టు. "ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన డోనట్లుంటాయే, అవి కొన్నాడు. అక్కడే నిలబడి నమిలాడు ఎర్మా. నాకు ఏడుపొచ్చింది."

ఎర్మా బాణలి వైపు తిరిగి నిలబడింది. నూనె పొగ కళ్ళల్లోకి పోయిందని చెప్పింది. నూనె ఇంకా కాగలేదు.

మంగళవారం తెల్లవారుతూనే వెనక సందులో సందడి. మోకాలి లోతు మంచులో, టోపీలు కళ్ళ దాకా లాక్కుని, మఫ్లర్లు ముక్కుల దాకా చుట్టుకుని, ఎవరికి వారే తాము తప్ప ఇంకెవరూ ఉండరనుకుని వచ్చినవాళ్ళు సందు నిండా ఉన్నారు. అందరూ గోడ వైపు తిరిగి నిలబడ్డారు. తలుపు దగ్గర ఇద్దరు ఒకేసారి గడియకి చెయ్యి వేయబోయి ఢీకొన్నారు. ఒకరి కళ్ళద్దాలు ఊడిపడ్డాయి, ఇంకొకరి మఫ్లరు జారిపోయింది.

"డ్వైట్ ఓబర్!"

"టీ... టీచరుగారూ!" డ్వైట్ అలవాటుగా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు, చేతిలోని నిన్నటి డోనట్ల పెట్టెతో సహా. "నేను... చెత్త పడేద్దామని..."

"ఎర్మా చెత్త నువ్వెందుకు పడేస్తావు? అది ఖాళీ పెట్టె కదూ? మూతి మీద ఆ చక్కెరేమిటి?"

"మరి మీరేం చేస్తున్నారిక్కడ?"

"మా పిల్లి..."

"మీ పిల్లి పోయి రెండేళ్ళయింది కదండీ, మా ఆవిడ పలకరించడానికి కూడా వచ్చింది!"

సందులో మఫ్లర్లన్నీ ఒక్కొక్కటిగా జారాయి. ఫైర్ దళం లయన్స్ క్లబ్బుని చూసింది, లయన్స్ క్లబ్బు మెథడిస్టుల్ని చూసింది. నువ్వు మొదలంటే నువ్వు మొదలని ఒకటే అరుపులు. ఆ అరుపుల మధ్య తలుపు దభాలున తెరుచుకుంది. పిండి చేతులతో ఎర్మా.

"చాలించండి!" అంది. "పగలు నా మీద ఉమ్మేసి, వెనక నించి వచ్చి నా డోనట్లు మింగుతారా? నన్ను తిట్టేవాళ్ళంతా నా తిండి తింటున్నారు. తిండి మానేసిన ఒక్క మనిషీ నన్ను ఒక్క మాట అనలేదు. మీరు నన్ను బహిష్కరించడం ఏమిటి, నేనే మిమ్మల్ని బహిష్కరిస్తున్నాను! ఊరు ఊరంతటినీ! మీ కోళ్ళు గుడ్లు పెడితే పెడతాయి, లేకపోతే మానేస్తాయి!"

తలుపు మూసి గడియ పెట్టింది. లోపల పండక్కని వేయించిన డోనట్లు బల్లల నిండా గుట్టలుగా ఉన్నాయి. వాసన మాత్రం తలుపు సందుల్లోంచి ధారాళంగా బయటికొస్తోంది.

ఫాస్‌నాట్ మంగళవారం, డోనట్లు లేవు. బెల్లర్స్ మిల్ మీద ఇంతకన్నా పెద్ద ఆపద వచ్చిందని పెద్దవాళ్ళెవరికీ గుర్తులేదు. జనమంతా చుట్టూ తిరిగి ముందు వైపుకి పరిగెత్తారు. ఎర్మాకి వ్యతిరేకంగా రాసుకున్న అట్టలనే తిరగేసి, వెనక వైపు "ఎర్మా, తలుపు తియ్యి" అని రాశారు. డ్వైట్ ఒక కొస, టీచరు ఒక కొస పట్టుకున్న గుడ్డ బానరు మీద టీచరు దస్తూరీతో "దయచేసి" అని కూడా ఉంది. ఆ రెండు సంఘాలూ ఒకే గొంతుతో అరవడం ఊరి చరిత్రలో అదే మొదలు. లోపల ఎర్మా కౌంటరు వెనక చేతులు కట్టుకుని కూర్చుని, కడిగిన అద్దంలోంచి తమాషా చూస్తోంది.

ఆ గోలకి వెండెల్ చేతిలో దువ్వెనతో సెలూన్లోంచి బయటికొచ్చాడు. "ఏమిటిది? పండగ పూట కొట్టెందుకు మూసింది?"

"మేం వెనక తలుపు దగ్గర కొంచెం తోసుకున్నామని..." అన్నాడు లయన్స్ క్లబ్బు అధ్యక్షుడు.

"వెనక తలుపేమిటి?"

అందరూ ఎవరి బూట్లు వాళ్ళు చూసుకున్నారు. వెండెల్ ఒక్కొక్క మొహాన్నే చూసుకుంటూ వచ్చి డ్వైట్ దగ్గర ఆగాడు.

"డ్వైట్, నువ్వు?"

"ఎక్కువేం కాదు..."

"తీర్మానం రాసింది నువ్వు. చదివింది నువ్వు. బల్ల గుద్ది నా చేత సంతకం పెట్టించింది నువ్వు. నువ్వేమో ఇక్కడ వేడివేడిగా లాగిస్తున్నావు, నేనేమో పెట్రోలు బంకు డోనట్లు తింటున్నానురా!" వెండెల్ దువ్వెన ఊపాడు. "వాటికి రుచి కూడా లేదు. వాటికి గడువు తారీఖు ఉంది!"

లోపల ఎర్మాకి ఆ మాటలన్నీ వినపడుతూనే ఉన్నాయి. లేచి వెళ్ళి ముందు తలుపు జానెడు తీసింది. జనం ముందుకి ఉరికారు. ఆవిడ అట్లకాడ ఎత్తగానే వెనక్కి తగ్గారు.

"ఈ ఊళ్ళో అన్న మాట మీద నిలబడ్డ మనిషి ఒక్కడున్నాడు. అతనొక్కడూ లోపలికి రావచ్చు. రా వెండెల్."

వెండెల్ ఒక అడుగు వేశాడు. ఆగాడు. "రాలేను ఎర్మా" అన్నాడు. "తీర్మానం ఇంకా ఉంది."

"రద్దు చెయ్యండిరా!" అని ఎవరో అరిచారు. అక్కడికక్కడే, ఫుట్‌పాత్ మీద, మంచులో తుపాకీదారుల సంఘం అత్యవసర సమావేశం జరిగింది. రద్దుకి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తారు. డ్వైట్ మాత్రం కార్యదర్శి పరువు కోసం ఊగిసలాడాడు. అప్పుడు ట్రెక్స్లర్ టీచరు, ఆ సంఘంలో సభ్యురాలు కాకపోయినా, తన చెయ్యి నిటారుగా ఎత్తి డ్వైట్ వైపు చూశారు. డ్వైట్ చెయ్యి దానంతటదే లేచింది.

వెండెల్ టోపీ తీసి లోపలికొచ్చాడు. ఎర్మా తలుపు మూసింది. చివరి స్టూలు మీద కూర్చున్నాడు. ఆవిడ ఒక డోనట్టు పెట్టి కాఫీ పోసింది. అద్దానికి అవతల ఊరు ఊరంతా ముక్కులు ఆనించి చూస్తోంది.

"ఎందుకు కడిగావు ఎర్మా, ఇంత గొడవొచ్చింది?" అన్నాడు, మొదటి ముక్క మింగి.

"కనపడి చావదన్నావుగా."

వెండెల్ చేతిలో డోనట్టు నోటి దగ్గరే ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. "అదా?" అన్నాడు. "ఆ రోజు సెలూన్లో ఈ ముక్క చెప్పొచ్చుగా!"

"ఆ డ్వైట్ ముందా? చచ్చినా చెప్పను." ఎర్మా కౌంటరు తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. "సాయంత్రం ఫైర్ హాల్‌కి నాతో వస్తావా?"

"నాకు డాన్సు రాదు."

"వచ్చునని నేనన్నానా? వస్తావా రావా?"

"వస్తాను" అన్నాడు వెండెల్. తర్వాత, కాఫీలోకి చూస్తూ, "ఈ వారం రోజులూ నాకు అస్సలు బాగాలేదు ఎర్మా" అన్నాడు. అది డోనట్ల గురించి కాదని ఇద్దరికీ తెలుసు. ఎర్మాకి ఆ మాటతో వారం రోజుల అలసట దిగిపోయింది. వెళ్ళి తలుపు బార్లా తీసి, డార్లాని పిలిచి, ఊరికి డోనట్లు పెట్టమంది. మధ్యాహ్నానికి బల్లలు ఖాళీ అయ్యాయి. ట్రెక్స్లర్ టీచరూ డ్వైటూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తుపాకుల చట్టం గురించి ఘోరంగా పోట్లాడుకున్నారు, ఒకళ్ళ మాట ఒకళ్ళు ఒక్కటీ ఒప్పుకోలేదు, కాఫీ మాత్రం ఒకళ్ళకొకళ్ళు పోసుకున్నారు.

సాయంత్రం ఫైర్ హాల్లో ఎర్మా నీలం గౌను వేసుకుంది, వెండెల్ తన జుట్టు తనే కత్తిరించుకుని వచ్చాడు. ఫిడేలు మొదలవగానే ఇద్దరూ చేతులు పట్టుకుని హాలు మధ్యలోకి వెళ్ళారు. అతను ఆవిడ కాళ్ళు తొక్కాడు, పక్కవాళ్ళ కాళ్ళు తొక్కాడు, పాట ఆగాక కూడా కాసేపు ఎగిరాడు. ఎర్మా కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. ఆ డాన్సుని మాత్రం బహిష్కరించాల్సిందేనని, ఆ వారంలో మొదటిసారిగా, ఊరంతా ఒక్క మాట మీద నిలబడింది.